యూఎస్-64 నేర్పిన లెక్క

ఇంటి పొదుపు ఎక్కడ పెట్టాలా అని కూర్చున్నప్పుడల్లా నాకు యూఎస్-64 కథ గుర్తొస్తుంది.

పార్లమెంటు 1963లో చేసిన చట్టంతో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా పుట్టింది. మరుసటి ఏడాదే ఈ పథకం వచ్చింది. పది రూపాయల యూనిట్లు. షేర్ల జోలికి వెళ్లని మధ్యతరగతి వాళ్లు, రిటైరైనవాళ్లు ఏటా వచ్చే డివిడెండు చూసి, బ్యాంకు డిపాజిట్ లాంటిదేలే అనుకుని దాచుకున్నారు. లోపల మాత్రం షేర్ల వాటా పెరుగుతూ పోయింది. యూనిట్ ధరేమో ఆ ఆస్తుల విలువను బట్టి కాక, సంస్థ ప్రకటించినట్టు ఉండేది. మార్కెట్ పడిపోయాక, 2001 జూలైలో యూనిట్ల అమ్మకం, తిరిగి కొనడం ఆరు నెలలు ఆపేస్తున్నామన్నారు. తర్వాత చిన్న మదుపరులకు 3,000 యూనిట్ల వరకు వెసులుబాటు ఇచ్చారనుకోండి. అయినా ఆ నెలలోనే పెళ్లో, ఆపరేషనో ఉన్న ఇళ్ల సంగతి ఆలోచించండి!

అందుకే మా ఇంట్లో డబ్బు మూడు చోట్ల ఉంటుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో, కొంత పదిహేనేళ్ల పీపీఎఫ్‌లో, పాప పెద్ద చదువుకు నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో. ఏటా ఉగాది వెళ్లాక లెక్క చూసి, ఒకవైపు బరువెక్కితే సర్దుతాను. ఎంత పేరున్న పథకమైనా రెండు ప్రశ్నలు అడుగుతాను: లోపల ఏముంది? అవసరమైన రోజు చేతికొస్తుందా?