సిడ్నీ సూపర్‌డోమ్: ఆస్ట్రేలియాలో అతిపెద్ద ఇండోర్ అరీనా, అక్కడ పనిచేసేవాళ్ళు తెలుసుకోవాల్సినవి

సిడ్నీ ఒలింపిక్ పార్కులోని సూపర్‌డోమ్ ఆస్ట్రేలియాలోకెల్లా పెద్ద ఇండోర్ అరీనా. దాదాపు 21,000 మంది పడతారు. స్పాన్సర్ పేరు మీద ఇప్పుడు దీన్ని కుడోస్ బ్యాంక్ అరీనా అంటున్నారు. ఆటలు, కచేరీలు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి. ఆ రోజుల్లో క్లీనింగ్, సెక్యూరిటీ, క్యాటరింగ్, టికెట్ తనిఖీ పనులకు చాలామంది కావాలి. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కూడా ఇలాంటి పనులకు వెళ్తుంటారు.

చరిత్ర

2000 ఒలింపిక్స్ కోసం కట్టిన ఈ అరీనా 1999లో తెరుచుకుంది. ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్, బాస్కెట్‌బాల్ ఫైనల్స్ ఇక్కడే జరిగాయి. 2006లో ఏసర్ అరీనా, 2011లో ఆల్‌ఫోన్స్ అరీనా, 2016లో కుడోస్ బ్యాంక్ అరీనా అని పేర్లు మారాయి. సిడ్నీ కింగ్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఇది సొంత మైదానం. ప్రధాని మోదీ 2014 నవంబర్‌లోనూ, 2023 మేలోనూ ప్రవాస భారతీయులతో మాట్లాడింది ఈ అరీనాలోనే.

మీ యజమాని ఎవరు?

డ్యూటీ అరీనాలో చేసినా, జీతం ఇచ్చేది చాలాసార్లు వేరే కాంట్రాక్టు కంపెనీ. ఒక్కోసారి దాని కింద ఇంకో సబ్ కాంట్రాక్టరు ఉంటాడు. జీతం ఆగిపోతే ఎవర్ని అడగాలో తెలియక ఇబ్బంది పడేది ఇక్కడే. అందుకే చేరిన రోజే కంపెనీ పూర్తి పేరు, ఏబీఎన్ నంబరు రాసిపెట్టుకోండి. జీతం ఇచ్చాక ఒక పనిదినంలోపు పే స్లిప్ ఇవ్వాలి, అది చట్టం. "నువ్వే సొంతంగా ఏబీఎన్ తీసుకో" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. మిమ్మల్ని ఉద్యోగిగా చూపించకుండా హక్కులు ఎగ్గొట్టడానికి కొందరు ఈ దారి పడతారు.

జీతం లెక్క

2025 జూలై 1 నుంచి దేశంలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. క్యాజువల్ అయితే దానిమీద 25 శాతం అదనం, అంటే సుమారు 31.19 డాలర్లు. ఇది పెద్దవాళ్ళ రేటు, ఏటా జూలైలో మారుతుంది. క్లీనింగ్‌కి, సెక్యూరిటీకి వేర్వేరు అవార్డు రేట్లున్నాయి. రాత్రిపూట, శని, ఆదివారాల్లో రేటు ఇంకా పెరగవచ్చు. షో మొదలవకముందు పిలిచే బ్రీఫింగ్, జనం వెళ్ళిపోయాక చేసే శుభ్రం కూడా పనిగంటలే. జీతంతోపాటు 12 శాతం సూపర్ కూడా కట్టాలి. తాత్కాలిక వీసావాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయాక, పన్ను పోను ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

లైసెన్సులు, వీసా గంటలు

మద్యం వడ్డించాలంటే ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్, సెక్యూరిటీ పనికి న్యూ సౌత్ వేల్స్ లైసెన్స్ తప్పనిసరి. స్టూడెంట్ వీసావాళ్ళు కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే చెయ్యాలి. అన్ని చోట్ల చేసిన గంటలూ కలిపే లెక్క. ఒకే వారంలో మూడు నాలుగు కార్యక్రమాలుంటే గంటలు ఇట్టే దాటిపోతాయి. ప్రతి షిఫ్టు మొదలు, ముగింపు టైము ఫోన్లో రాసుకోండి. జీతం గొడవ వచ్చినా ఆ లెక్కే మీకు సాక్ష్యం.

బెదిరిస్తే ఏం చెయ్యాలి?

వీసా పేరు చెప్పి కార్మికుణ్ణి లొంగదీసుకోవడం 2024 జూలై నుంచి నేరం. కావాలని జీతం ఎగ్గొట్టడం కూడా 2025 జనవరి నుంచి క్రిమినల్ నేరమే. పాత బకాయిలు ఆరేళ్ళ వెనక్కి వెళ్ళి అడగొచ్చు. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. ఇంగ్లీషు కష్టమైతే ముందు 131 450కి చేసి "తెలుగు" అని చెప్పండి, దుబాసీని కలుపుతారు. ఇంటి దగ్గరున్నవాళ్ళు కూడా ఈ రెండు నంబర్లూ రాసి ఉంచుకోవాలి. బిడ్డ భయపడి చెప్పలేని రోజున దారి చూపించేది మీరే కావచ్చు.