చివరి మడికి నీళ్లు

నిజామాబాద్ జిల్లా సేద్యం గురించి ఎవరు చెప్పినా నిజాంసాగర్‌తోనే మొదలుపెడతారు. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట మంజీర నది నీటిని బాన్సువాడ, వర్ని, బోధన్ పొలాలకు మళ్లించింది. చీఫ్ ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ హయాంలో తవ్విన ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. ఆ నీటి భరోసాతోనే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు.

కాలువ రాకముందు నుంచీ నిజామాబాద్ పల్లెలను సాకింది చెరువులు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో చూసుకునేవాడు నీరడి. కోతలప్పుడు కల్లంలో రైతులు కొలిచిచ్చే వడ్లే అతని జీతం. నీళ్లు తక్కువైన ఏడాది ఊరు కూర్చొని తైబందీ చేసుకునేది. చెరువులో ఉన్న నీటికి ఎన్నెకరాలు పండుతాయో లెక్కగట్టి, ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లు అంతవరకే నాటేవారు.

పెద్ద ప్రాజెక్టు కూడా ఈ లెక్కల నుంచి తప్పించుకోలేదు. మొదట 29 టీఎంసీలకు పైగా పట్టిన నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. ఇప్పటి సామర్థ్యం 17.8 టీఎంసీలే. ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టాక మంజీర నీళ్లలో హైదరాబాద్ దాహానికీ వాటా వెళ్లింది. చెరకేమో ఏడాది పొడవునా తడి అడిగే పంట. కొరత వస్తే ముందు ఎండేవి కాలువ చివరి పొలాలే. వాటికోసమే కోస్లి దగ్గర అలీసాగర్, ఉమ్మెడ దగ్గర గుత్ప ఎత్తిపోతలు పెట్టి గోదావరి నీటిని తోడాల్సి వచ్చింది.

చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది కూడా అప్పటి నిజామాబాద్ జిల్లాలోనే, సదాశివనగర్ పాత చెరువులో. పూడిక తవ్వకం ప్రభుత్వ ఖర్చు, తోలుకోవడం రైతుల ఖర్చు. తమ ట్రాక్టర్లలో, కిరాయి ట్రాక్టర్లలో ఆ ఒండ్రును చెలకల్లో పోసుకున్నారు. చెలక నేలకు తడి నిలిచింది, చెరువుకు లోతు పెరిగింది.

నీటి పంపకం ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం తేలలేదు. 1997 నాటి సాగునీటి నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. తెలంగాణ వచ్చాక ఆ ఎన్నికలు జరగలేదు. ఆర్మూరు, బాల్కొండ వైపు మాట చెల్లేది గ్రామాభివృద్ధి కమిటీలకే. కులానికో ప్రతినిధి ఉండే ఈ కమిటీలు ఊరుమ్మడి పనులకు వేలం పాటల ద్వారా డబ్బు కూడబెడతాయి, తగాదాలు తీరుస్తాయి. మాట వినని కుటుంబాలను వెలివేసి పోలీసు కేసుల దాకా వెళ్లిన కమిటీలూ ఉన్నాయి.

2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. గిట్టుబాటు కరువైన చెరకు రైతులు వరి వైపు మళ్లారు. వానకాలం సరే, యాసంగిలోనూ వరే. అందుకే నిజాంసాగర్ నుంచి యాసంగికి ఎన్ని తడులు వదులుతారన్న ప్రశ్న చలికాలం వచ్చేసరికి బోధన్ పల్లెల్లో ప్రతి అరుగు మీదా వినిపిస్తుంది.