గూడెం రన్‌వే మీద లూనా

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమంటే బడి గురించే రాయాలి. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. నేను మన విమానాశ్రయం గురించి రాస్తాను. నవ్వకండి. మన గుండుగొలనులో బస్సెక్కి భీమడోలు, పూళ్ల, కైకరం, చేబ్రోలు, ఉంగుటూరు దాటి తాడేపల్లిగూడెంలో దిగితే, కడకట్ల వైపు ఉండేదది. మా మావయ్య జీవితాంతం దాన్ని ‘ఏరోడ్రమ్ము’ అనే అన్నాడు.

దాన్ని కట్టించింది భయం. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఆ నెలలోనే అండమాన్లూ పోయాయి. రంగూన్ మనకి పరాయి ఊరేం కాదు. కూలికని, కొలువులకని పడవెక్కిన తెలుగువాళ్లని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. వాళ్లలో ఎంతోమంది అడవుల వెంట నడిచి ఇళ్లకి చేరారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. కాకినాడంటే మనవాళ్లు పిల్లనిచ్చిన ఊరు. యుద్ధం గడపలోకి వచ్చినట్టే లెక్క.

ఆ యుద్ధకాలంలోనే తెల్లవాళ్లు కోస్తాలో రన్‌వేలు పరిచారు. ఇటు గన్నవరం, అటు మధురపూడి, దక్షిణాన దొనకొండ, మధ్యలో మన తాడేపల్లిగూడెం. యుద్ధం అయిపోయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. గన్నవరానికి బెజవాడ, మధురపూడికి రాజమండ్రి అండగా నిలిచాయి. వాయుదూత్ విమానాలు మధురపూడిలో దిగాయి. 2003లో ఎయిర్ దక్కన్ హైదరాబాదు నుంచి గన్నవరానికి వచ్చింది. రెండు పెద్దూళ్ల నడుమ ఉన్న గూడేనికి విమానమెక్కే బేరం ఎక్కణ్ణుంచి వస్తుంది? బెల్లానికీ ఉల్లిపాయలకీ పేరుపడ్డ బజారది, సరుకు లారీలో పోతుంది. నన్నడిగితే దాన్ని ఎవరూ మూయలేదు, పని లేక మూతపడింది.

మూతపడ్డాకే అది మనదయింది. నెర్రెల్లో గడ్డి మొలిచింది. గొడ్లు మేశాయి, ధాన్యం ఆరింది, కుర్రాళ్లు వికెట్లు పాతారు. నేను లూనా మోపెడ్ నేర్చుకున్నది అక్కడే. మావయ్య వెనక నుంచి పట్టుకుని కొంతదూరం పరిగెత్తి, చెప్పకుండా వదిలేశాడు. ఎదురుగా అడ్డం లేని అంత పొడుగు దారి నేనంతకుముందు చూడలేదు. బ్రేకు గుర్తు రాలేదు, అవసరమూ పడలేదు. మోకాళ్లు చెక్కుచెదరకుండా బండి నేర్చుకున్నవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే.

మాట పక్కకి పోతోందిగానీ, ఇది చెప్పకపోతే నాకు తోచదు. యుద్ధం ముగిసిన మరుసటేడు, 1946లో, కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు మన పశ్చిమగోదావరిలోని ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి లోకానికి చెప్పాడు. చెట్ల మీద గూళ్లు, కొల్లేటి మీద వేట. బరువైన ఒళ్లుతో నీళ్ల మీద పరుగెత్తి పైకి లేచే గూడబాతుని చూస్తే విమానమే గుర్తొస్తుంది. ఆ స్థావరమూ కొన్ని దశాబ్దాలకే ఖాళీ అయింది. పక్షులు ఇప్పుడు కైకలూరు వైపు ఆటపాకలో దిగుతున్నాయి. వాటికీ ఎక్కడ తిండి దొరికితే అదే విమానాశ్రయం.

మన ఏరోడ్రమ్ము భూముల్లో ఇళ్లు లేచాయి. పట్టాల గొడవ ఎన్నో ఎన్నికలు చూసింది. రాష్ట్ర విభజన చట్టం పుణ్యమా అని 2015లో వచ్చిన నిట్, మొదట పెదతాడేపల్లిలోని వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో తలదాచుకుని, తర్వాత కడకట్లలో 170 ఎకరాల పైచిలుకు సొంత ప్రాంగణానికి చేరింది. 2022లో జిల్లాలు చీలాక గూడెం పశ్చిమగోదావరిలో మిగిలింది, మనం ఏలూరు జిల్లాకి వచ్చాం. మన ఊరి నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి కొత్త రహదారి పడ్డాక, గూడెం వెళ్లకుండానే గోదారి చేరుకుంటున్నాం.

ఇప్పుడు ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకి పరిశీలిస్తున్న ఊళ్లలో తాడేపల్లిగూడెం పేరు మళ్లీ కనిపిస్తోంది. పేపర్లో ఆ ముక్క చదవగానే ఫోన్ తీశాను, మావయ్యకి చెబుదామని. ఆయన పోయి నాలుగేళ్లయిందని నంబరు నొక్కబోతుంటే గుర్తొచ్చింది.