శాంతి పాఠం: బెట్టీ రియర్డన్ కృషి

శాంతి విద్య అనగానే తెల్లపావురం బొమ్మ, ఐక్యరాజ్యసమితి దినోత్సవంనాటి ఉపన్యాసం గుర్తొస్తాయి. ఆ స్థాయి నుంచి దాన్ని వ్యవస్థా విమర్శగా మలిచినవారిలో అమెరికన్ విద్యావేత్త బెట్టీ రియర్డన్ (1929–2023) ముఖ్యురాలు. విశ్వవిద్యాలయానికి రాకముందు ఆమె బడిపంతులమ్మ. ఇది చిన్న సంగతి కాదు.

1963లో ఆమె, తర్వాత 'ఇన్‌స్టిట్యూట్ ఫర్ వరల్డ్ ఆర్డర్'గా పేరుపడ్డ సంస్థలో పాఠశాలల కార్యక్రమం చేపట్టారు. క్యూబా క్షిపణి సంక్షోభం గడిచి అప్పటికి ఏడాదే. బాంబు పడితే బల్లకింద దాక్కోవాలని అమెరికా పిల్లలకు బళ్లలో నేర్పిన కాలమది. ఆ బాంబు ఎవరు, ఎందుకు తయారుచేశారని అడగడం మాత్రం ఆ పాఠంలో లేదు. అడగడం నేర్పడమే శాంతి విద్య పని అయింది.

1969లో నార్వే సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్, తుపాకి పేలకపోయినా ఆకలీ అసమానతా హింసేనని సిద్ధాంతీకరించాడు. 1974లో యునెస్కో శాంతి విద్యనూ మానవహక్కుల విద్యనూ ఒకే సిఫారసులో చేర్చింది. రియర్డన్‌కు హక్కులు శాంతికి అలంకారం కావు, కొలబద్ద. హక్కుల్లేని చోటి నిశ్శబ్దాన్ని శాంతి అనలేం. శిశుతరగతి నుంచి ఉన్నత పాఠశాల దాకా ఈ విషయం ఎలా చెప్పాలో 1995 నాటి 'ఎడ్యుకేటింగ్ ఫర్ హ్యూమన్ డిగ్నిటీ'లో చూపారు.

అయితే ఆమె అసలు సాహసం 1985లో వచ్చిన 'సెక్సిజం అండ్ ది వార్ సిస్టమ్'. స్త్రీ అణచివేత, యుద్ధం ఒకదాన్నొకటి పోషించుకునే వ్యవస్థలని ఆమె వాదన. శాంతి పరిశోధకులు స్త్రీని మరిచారు, స్త్రీవాదులు యుద్ధాన్ని వేరే సమస్యగా చూశారు. ఆమె ఇద్దరినీ నిలదీశారు. ఈ చూపుతో మన పల్నాటి వీరగాథను మళ్లీ చదవాలి. బాలచంద్రుడికి కత్తి అందించి పంపిన మాంచాల త్యాగాన్ని పొగిడాం. ఆ త్యాగం ఎవరికి అవసరమైందని మన విమర్శ ఎంతమేరకు అడిగింది?

నాకొక పేచీ ఉంది. యుద్ధానికి పితృస్వామ్యాన్ని మూలంగా చూపినంత గట్టిగా ఆమె ఆయుధ పెట్టుబడిని చూపలేదు. అమెరికాలో సైనిక-పారిశ్రామిక కూటమి గురించి 1961లోనే ఐసెన్‌హోవర్ హెచ్చరించాడు. సైన్యాధిపతిగా పనిచేసిన అధ్యక్షుడు పలికిన మాటను శాంతి విద్య ఇంకా గట్టిగా పట్టుకోవలసింది.

1982లో కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలో ఆమె అంతర్జాతీయ శాంతి విద్యా సంస్థను నెలకొల్పారు. ఆ జూన్‌లోనే అణ్వాయుధాలకు వ్యతిరేకంగా న్యూయార్క్‌లో దాదాపు పది లక్షలమంది కదిలారు. ఆ సంస్థ సమావేశాలు తర్వాత దేశదేశాలూ తిరిగాయి.

ఆమె 2023 నవంబరు 3న మరణించారు. అదే నెల 20న యునెస్కో 1974 నాటి సిఫారసును సవరించి ఆమోదించింది. అప్పటికి ఉక్రెయిన్‌లో యుద్ధం రెండో ఏట నడుస్తోంది; గాజాలో బళ్లు శరణార్థి శిబిరాలై ఉన్నాయి.