పంతులు పనివాడా?

జార్జి టౌన్‌లో హైకోర్టుకు ఎదురుగానే ఒకప్పుడు రెండు కళాశాలలుండేవి. క్రైస్తవ కళాశాల 1937లో తాంబరానికి, పచ్చయప్ప కళాశాల 1940లో చేట్‌పట్టుకు తరలిపోయాయి.

1918లో మిల్లు కార్మికులు మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించుకున్నారు. కూలీలను ఒప్పందం మీరేట్టు పురికొల్పరాదని యూనియన్ నాయకుల మీద బిన్నీ కంపెనీ ఉత్తర్వు తెచ్చుకున్నది ఈ హైకోర్టులోనే. ఆ కలవరంలోంచే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పుట్టింది.

అధ్యాపకులు సంఘం పెట్టుకోవచ్చు; చిక్కంతా జీతం బేరమాడడంలోనే. విద్య కూడా పరిశ్రమేనని 1978లో సుప్రీంకోర్టు అన్నది. 1988లో మాత్రం, బోధన ఉదాత్తమైన వృత్తి కనుక బోధకుడు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ‘వర్క్‌మన్’ కాడన్నది. కళాశాల పరిశ్రమే, గుమాస్తా పనివాడే, పంతులు మాత్రం కాడు! శబ్దార్థాలతో కాలక్షేపం చేసే నాబోటివాడికి ఇది వింత సమాసం. గౌరవం దక్కింది గాని, తగాదా వస్తే ఆ చట్టం కింద లేబర్ కోర్టు తలుపు తట్టే హక్కు పోయింది. మహజర్లు, సమ్మె, రిట్ పిటిషన్లు మిగిలాయి.