పాత బండికి గేరు గట్టిగా పడుతోందా? ఇంజను విప్పే ముందు ఇవి చూడండి

ఎట్టయాపురం, కోవిల్‌పట్టి చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళల్లో నాన్నల కాలం నాటి బుల్లెట్టు, యెజ్డీ, 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి తరచు వచ్చే జబ్బు గేరు బిగుసుకోవడం. కాలితో తన్నితే గానీ గేరు పడదు, ఆగినచోట న్యూట్రల్ దొరకదు. షెడ్డుకు తీసుకుపోతే చాలాచోట్ల మొదట వినిపించే మాట "గేరుబాక్సు పోయింది, ఇంజను దించాలి". దించితే వేలల్లో ఖర్చు. పాత బండ్లకు అసలు సామాను దొరకడమూ కష్టమే. అయితే ఈ జబ్బుకు మూలం ఎక్కువసార్లు గేరుబాక్సులో కాదు, క్లచ్‌లో ఉంటుంది.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టండి. ఇంజను ఆపి, క్లచ్ పట్టి, వెనక చక్రాన్ని ఒక చేత్తో కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ కదుపుతూ గేర్లన్నీ వేసి చూడండి. చక్రం కదపడం మరవకండి. లోపలి పళ్ళు ఎదురెదురుగా నిలిచిపోతే మంచి గేరుబాక్సులో కూడా గేరు పడదు. ఇంజను ఆపినప్పుడు మెత్తగా పడి, ఇంజను తిరుగుతున్నప్పుడు మొరాయిస్తే గేరుబాక్సు బాగున్నట్టే, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. చదునైన నేల మీద బ్రేకు పట్టుకుని, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్టు గేరు వేసినప్పుడు బండి ముందుకు లాగినా, ఇంజను ఆగిపోయినా అదే సంగతి.

క్లచ్ విడవకపోతే ముందు కేబులు చూడండి. స్ప్లెండర్ వంటి 100 సీసీ బండ్లకు క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే లివరు పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడిపోవు. అలాగని ఆట లేకుండా బిగిస్తే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి. బుల్లెట్టుకు లెక్క వేరు, దాని పుస్తకం చూసుకోండి. మనది నల్లరేగడి నేల. ఎండాకాలం దుమ్ము, ఐప్పసి కార్తీక మాసాల వానల్లో బంక మట్టి కేబులు తొడుగులోకి చేరతాయి. కేబులు ఊడదీసి పైనుంచి నూనె పోసి, కింద నుంచి శుభ్రంగా కారేదాకా ఆడించండి. చివర ఒక్క తీగ పోగు తెగినా కొత్తది వేయించడమే మేలు. నెలల తరబడి కదలకుండా నిలిచిన బండిలో ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అప్పుడు కేబులు ఎంత సర్దినా లాభం లేదు, క్లచ్ మూత తీసి చూడాలి. అప్పుడే ప్లేట్లు వంగాయా, డ్రమ్ము గాడుల్లో ప్లేట్లు కొట్టిన గుంటలు పడ్డాయా అన్నది కూడా చూడమనండి.

తరువాత నూనె. స్ప్లెండర్‌లో ఇంజను, క్లచ్, గేర్లు మూడూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న మోటారు సైకిలు నూనే పోయాలి, కారు నూనె పోస్తే క్లచ్ జారవచ్చు. పాత బుల్లెట్టులో ఇంజనుకు, గేరుబాక్సుకు, క్లచ్ ఉండే చైను కేసుకు విడివిడిగా నూనె ఉంటుంది, మూడూ చూడాలి. యెజ్డీ, మ్యాక్స్ 100 వంటి టూ స్ట్రోకు బండ్లవాళ్ళు పెట్రోలులో నూనె కలిపేస్తే పని అయిపోయిందనుకుంటారు. గేరుబాక్సు నూనె వేరు. ఏళ్ళ తరబడి దాన్ని మార్చని బండ్లు ఎన్నో!

ఇంజను ఆపి చక్రం కదిపినా గేరు గట్టిగానే ఉంటే, అప్పుడు కాలి కింద చూడండి. బండి పడినప్పుడు గేరు లివరు వంగి మూతకు రాసుకుంటూ ఉండవచ్చు, షాఫ్టు వంగి ఉండవచ్చు, లివరు బోల్టు వదులై గాడులు అరిగి ఉండవచ్చు. పాత బుల్లెట్టు గేరు కుడికాలి వైపు, ఒకటి పైకి మూడు కిందికి. దానికి మడమతో నొక్కే న్యూట్రల్ లివరు వేరే ఉంటుంది, రెండు, మూడు, నాలుగు గేర్ల నుంచి అది పనిచేస్తుంది, ఫస్టు నుంచి పనిచేయదు. ఇది తెలియక పాడైందనుకునేవారున్నారు.

నిజంగా విప్పవలసిన గుర్తులు వేరు. తన్నిన లివరు తిరిగి తన చోటికి రాకపోతే స్ప్రింగు తెగినట్టు. బరువు మీద గేరు దానంతటదే జారిపోతే లోపలి పళ్ళో ఫోర్కో అరిగినట్టు. తీసిన నూనెలో ఇనుప ముక్కలు కనిపిస్తే ఇక నడపకండి. తూత్తుకుడి హైవే మీద లారీ ముందు గేరు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

షెడ్డుకు వెళ్ళినప్పుడు "గేరు పడటం లేదు" అని ఊరుకోకండి. ఇంజను ఆపినప్పుడు ఎలా ఉంది, తిరిగేటప్పుడు ఎలా ఉంది, వేడెక్కాకా, పొద్దున్నేనా, ఏ గేరుకు, అన్నీ చెప్పండి. క్లచ్, గేరు, కేబులు అన్న మాటలు అరవంలోనూ మన ఇళ్ళల్లోనూ ఒకటే, భాష అడ్డం రాదు. తీసిన పాత సామానంతా చేతికిమ్మని ముందే అడగండి.