హెడ్‌లైట్లు మసకబారడం (పాత కార్లు)

మోటారు వాహనపు హెడ్‌లైటు కాలక్రమేణా తన కాంతిని కోల్పోవడాన్ని హెడ్‌లైటు మసకబారడం అంటారు. బల్బు పాతబడటమే ఇందుకు కారణమని సాధారణంగా భావిస్తారు. కానీ పాత కార్లలో లోపం తరచుగా బల్బులో కాక, బ్యాటరీ నుండి బల్బు వరకు గల వైరింగులోనో, దీపానికి ముందున్న అద్దంలోనో ఉంటుంది. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాలలో ఈ లోపం త్వరగా ఏర్పడుతుంది.

విశాఖపట్నంలో పరిస్థితి

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి లోహపు అతుకులను తినివేస్తాయి. ముఖ్యంగా రాగితీగ ఇనుప బాడీకి కలిసే చోట, అనగా ఎర్తు బిగించిన చోట, తుప్పు త్వరగా పడుతుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతులు జరుగుతాయి. ఆ దుమ్ము పాతనగరం వైపు ఇళ్ళపైనే కాక వాహనాల అద్దాలపైనా పేరుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే అది గరుకు కాగితంలా పనిచేసి అద్దంపై గీతలు పెడుతుంది.

నగరంలో ఈ లోపం బయటపడటానికి ఆలస్యమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరాన్ని తాకిన తరువాత వీధిదీపాలను పెద్ద ఎత్తున ఎల్ఈడీలుగా మార్చారు. ఆ వెలుగులో బీచ్ రోడ్డు మీద గానీ, గాజువాక దారిలో గానీ కారు దీపం మసకగా ఉన్నా నడిపేవారికి తెలియదు. అదే కారు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు, శీతాకాలపు పొగమంచులో మలుపు కనిపించక ప్రమాదం ఏర్పడుతుంది.

కారణాలు

హెడ్‌లైటు బల్బు వెలుగు వోల్టేజికి అనులోమంగా కాక, దానికంటే చాలా వేగంగా మారుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. హైబీములో 60 వాట్లు తీసుకునే 12 వోల్టుల బల్బులో 5 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. తుప్పుపట్టిన అతుకుల నిరోధం 0.25 ఓమ్‌లు మాత్రమే అయినా, ఓమ్ నియమం ప్రకారం సుమారు 1.25 వోల్టులు దారిలోనే పోతాయి. అనగా 10 శాతం నష్టం, మూడోవంతుకు దగ్గరగా వెలుగు లోపం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 100 వాట్ల బల్బు వేయడం. అప్పుడు విద్యుత్తు 8 ఆంపియర్లు దాటుతుంది, అతుకు వద్ద నష్టం 2 వోల్టులకు చేరుతుంది. పుట్టే వేడి విద్యుత్తు వర్గానికి అనులోమం కనుక అది సుమారు 6 వాట్ల నుండి 17 వాట్లకు పెరుగుతుంది. స్విచ్చి, హోల్డరు కరగడం, తీగల పైపొర కాలడం దీని ఫలితమే.

అంబాసిడర్ (1958–2014) వంటి కార్ల గుండ్రని గాజు దీపాలలో అద్దం పసుపుబారదు. లోపలి రిఫ్లెక్టరు పూత మాత్రం నల్లబడుతుంది. తరువాతి కార్లలోని పాలికార్బనేటు అద్దంపై ఉండే రక్షణ పూత ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అరిగిపోయి, అద్దం పసుపుగా, పాలమీగడలా మారుతుంది.

లోపాన్ని గుర్తించడం

ఇంజను వేగం పెంచగానే వెలుగు పెరిగితే ఆల్టర్నేటరు, బెల్టు, బ్యాటరీలను చూడాలి. తొలినాటి అంబాసిడర్లలో డైనమో ఉండేది కనుక ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు వెలుగు తగ్గడం సహజమే. ఒకవైపు దీపం మాత్రమే మసకగా ఉంటే ఆ వైపు ఎర్తును అనుమానించాలి. దీపం వెలుగుతుండగా, బ్యాటరీ ధన ధ్రువానికీ బల్బు ధన కొసకూ మధ్య వోల్ట్‌మీటరు పెట్టి కొలవాలి. అదేవిధంగా బల్బు ఎర్తు కొసకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య కొలవాలి. ఎక్కడైనా అర వోల్టుకు మించి చూపితే లోపం ఆ భాగంలోనే ఉన్నది. కాసేపు పట్టే ఈ పరీక్ష చేయకుండానే బల్బులు మార్చడం విచారకరం.

సరిచేయు విధానం

ఎర్తు బోల్టును విప్పి, లోహం మెరిసేవరకు గీకి, తిరిగి గట్టిగా బిగించి పైన గ్రీజు పూయాలి. పాత వైరింగు గల కార్లకు రిలే అమర్చడం ఉత్తమం. అప్పుడు బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా మందపాటి తీగలో విద్యుత్తు నేరుగా దీపానికి చేరుతుంది. డాష్‌బోర్డు స్విచ్చి రిలేను కదిలించే కొద్దిపాటి విద్యుత్తునే మోస్తుంది.

పసుపుబారిన పాలికార్బనేటు అద్దాన్ని నీటితో తడుపుతూ 800, 1000, 2000 నంబర్ల వాటర్ పేపరుతో వరుసగా రుద్ది పాలిష్ చేయాలి. తరువాత అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్ళీ మసకబారుతుంది. టూత్‌పేస్టు చిట్కా పైమెరుపును తాత్కాలికంగా ఇస్తుందే తప్ప పూతను తిరిగి తేలేదు. రిఫ్లెక్టరును మాత్రం ఎన్నడూ రుద్దరాదు. దానిపై ఉండేది అతిపలుచని అల్యూమినియం పొర, గుడ్డతోనే ఊడివస్తుంది. హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి బల్బు త్వరగా పాడవుతుంది.

చట్టం

హాలోజన్ కోసం రూపొందిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే కాంతి చెదిరి ఎదుటివారి కళ్ళలో పడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ప్రకారం దీపానికి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో, కుడివైపుకు అర మీటరు దూరాన ఉన్న కంటికి మిరుమిట్లు కలగరాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. తరువాత ఐదేళ్ళకొకసారి పొడిగించుకునేటప్పుడు జరిగే తనిఖీలో దీపాలనూ పరిశీలిస్తారు. మరమ్మతు చేసిన తరువాత కారును సమతలంపై గోడకు ఎదురుగా నిలిపి, రెండు దీపాల కాంతి ఒకే ఎత్తులో, కొద్దిగా కిందికి వంగి పడేలా మరలను సరిచేసుకోవాలి.